మేస్త్రి జవాబులు

మా సంఘం హాలు ముందర మళ్ళీ సున్నపు గుంట తవ్వారు. సున్నం నానుతున్న వాసన, దాంట్లో కలపడానికి డ్రమ్ముల్లో ఊరబెట్టిన కరక్కాయ, బెల్లం నీళ్ళ వాసన, మూడూ కలిసి గల్లీ మొగదల దాకా వస్తున్నాయి. ఛత్రినాక నుంచి ఉప్పుగూడ స్టేషన్ వైపు పోయే ఆటోవాళ్ళు కూడా ఆ మలుపులో ఒక్క క్షణం ముక్కు ఎగబీల్చి పోతున్నారు. నాకు అక్కడ ఒక కుర్చీ వేసి పెట్టారు. హాలును బాగు చేసి బస్తీకి సాంస్కృతిక కేంద్రంగా మార్చాలని పూనుకున్న పిల్లలు నన్ను గౌరవాధ్యక్షుణ్ణి చేశారు. మా బాపు ఈ హాలు తాళంచెవులు నడుముకు కట్టుకుని తిరిగిన మనిషి కాబట్టి, ఆయన కొడుకుగా ఆ మర్యాద నాకు దక్కింది. వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి, “సార్‌కు అన్నీ యాదికున్నయి” అని చెబుతారు. నేను తల ఊపుతాను. కిటికీలకు ఏ రంగు ఉండేదో, వేదిక ఎంత ఎత్తు ఉండేదో, ఆడవాళ్ళు ఏ తలుపు నుంచి వచ్చేవాళ్ళో చెప్పాను. అవి నిజంగానే గుర్తున్నాయి. గుర్తుండకూడనివి దాచుకుని, గుర్తున్నవి ధారాళంగా పంచిపెట్టాను.

ఈ పనంతా నడిపించేది స్రవంతి. భవనాల చదువు చదువుకున్న పిల్ల. వాళ్ళ నాయనమ్మ మా గల్లీ మనిషే. పని మొదలైన కొత్తలో ఆమె నన్ను అడిగింది, ఈ హాల్లో ఏటా ఒక నాటకం ఆడేవాళ్ళట కదా, దాన్ని మళ్ళీ నిలబెడితే బాగుంటుంది కదా అని. “ఆ నాటకం తెలిసినోళ్ళు ఒక్కలు గూడ మిగల్లేదు బిడ్డా” అన్నాను. ఎంత సులువుగా అన్నానో! కళ్ళు కూడా తడి చేసుకున్నాననుకుంటాను. కొన్ని నెలల తర్వాత ఒక పొద్దున ఆమె మా ఇంటికే వచ్చింది. చెప్పులు విప్పుతూనే అడిగింది.

“తాతా, యాదగిరి తాత ఉన్నడంట గదా? ఉప్పుగూడ రైల్వే గేటు పక్కకే. మా నాయనమ్మ చెప్పింది. నీకు ఎర్కలేదా?”

“ఉన్నడా? నేను పోయిండనుకున్న” అన్నాను. అదీ అబద్ధమే. పోయిన శ్రావణంలో కూరగాయల బండి దగ్గర అతన్ని చూసి, నేను గొడుగు అడ్డం పెట్టుకుని పక్క సందులోకి తిరిగాను.

“మంచిగనే ఉన్నడు. మస్తు నవ్విచ్చిండు మమ్మల్ని. పాడ్త అన్నడు గని ఒక షరతు పెట్టిండు. ‘మేస్త్రయ్యను తోలుకరా, అప్పుడు నోరు తెరుస్త’ అన్నడు. మేస్త్రయ్య అంటే ఎవరు తాతా? బతికే ఉన్నడా?”

నేను చాయ్ చల్లారుతుందని చెప్పి మాట మార్చాను. ఆమె పోయాక ఆ రోజంతా ఇంట్లోనే కూర్చున్నాను. మేస్త్రయ్యను నేనే.

ఆ హాలును మా తాతల తరం కట్టుకుంది. పల్లెల్లో కరువు వచ్చి, రాతి పనికీ సున్నం పనికీ ఈ పట్నానికి నడిచి వచ్చిన వాళ్ళు. పొద్దంతా దొరల ఇళ్ళకు గోడలు లేపి, సాయంత్రాలు తమ కోసం ఈ నాలుగు గోడలూ లేపుకున్నారు. మా ఇల్లు దాన్ని ఆనుకునే ఉండేది. రెండింటికీ మధ్య ఒకటే గోడ. బాపు ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. ఖాకీ బట్టలు వేసుకునే ముందు, లుంగీ మీదనే, బకెట్టు పట్టుకుని పోయి హాలు తెరిచేవాడు. నేల మీద నీళ్ళు చిలకరించి, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఊడ్చేవాడు. తడిసిన గచ్చు వాసన గోడ దాటి మా వంటింట్లోకి వచ్చేది. అమ్మ పొయ్యి మీద జొన్నరొట్టె తిప్పుతుంటే ఆ వాసనా ఈ వాసనా కలిసిపోయేవి. నాయనమ్మ చిన్న మట్టి గురిగిలో నిప్పులు వేసి ఊదు పొగ పట్టుకుని హాల్లో ఒక చుట్టు తిరిగి వచ్చేది. దేవుడి పటం లేని చోట ఊదు ఎందుకని నేనడిగితే, “మీ తాత చెమట దేవుడు గాదారా?” అని కసిరేది. ఊడుస్తున్నంత సేపూ బాపు పాడుతుండేవాడు. చీపురు చప్పుడే ఆయనకు తాళం. ఆ పాటలన్నీ మేస్త్రి జవాబులు.

నాటకం పేరు మేస్త్రి కథ. బోనాలు అయిపోయాక వచ్చే ఆదివారం ఆడేవాళ్ళు. కథ ఏమంత లేదు. కరువులో ఒక మేస్త్రి ఊరు విడిచి పట్నానికి బయలుదేరుతాడు. భార్య గడప దగ్గర నిలబడి అడుగుతుంది, అతను జవాబు చెబుతాడు. అంతే. ఆమె అడుగుతూనే ఉంటుంది, అతను చెబుతూనే ఉంటాడు. ఏ బాట పోతావు, ఏ బావి నీళ్ళు తాగుతావు, ఎవరి అరుగు మీద పడుకుంటావు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు. అతని జవాబుల్లో అప్పటి పట్నమంతా ఉండేది. రాళ్ళు కొట్టే గుట్టల పేర్లు, కూలీలను నీళ్ళు తోడుకోనిచ్చే బావుల పేర్లు, పని దొరికే దర్వాజాలు, అడిగితే గుప్పెడు బువ్వ పెట్టే ఇళ్ళు. మొదట నడిచి వచ్చినవాళ్ళు వెనక వచ్చేవాళ్ళ కోసం పాటలో దాచిన దారి అది. ఆఖరున ఆమెకు అడగడానికి ఇంకేమీ మిగలదు. అప్పుడు సద్ది మూట చేతికిచ్చి పక్కకు జరుగుతుంది. అక్కడ ఆడవాళ్ళ వైపు నుంచి ఏడుపులు వినిపించేవి.

దీనికి ఒక కట్టుబాటు ఉండేది. మేస్త్రి మాటలు మా ఇంటివి. భార్య మాటలు యాదగిరి వాళ్ళ ఇంటివి. మా తాత మా బాపుకు, బాపు నాకు. వాళ్ళ తాత వాళ్ళ నాయనకు, వాళ్ళ నాయన యాదగిరికి. కాగితం మీద పెట్టకూడదు. ఒకరి మాటలు ఇంకొకరు పలకకూడదు. ఆడుకునే పిల్లలు కూడా ఆ పాటల జోలికి పోయేవాళ్ళు కాదు. ఎందుకని బాపును ఒకసారి అడిగాను. “రెండు ఇండ్లు కొట్లాడుకోకుండ ఉండాలెగద. వాళ్ళు లేకుంటే మనం లేం, మనం లేకుంటే వాళ్ళు లేరు” అన్నాడు. మంచి ఏర్పాటే. రెండిళ్ళలో ఏదో ఒకదానిలో నాలాంటివాడు పుడతాడని వాళ్ళు అనుకుని ఉండరు.

యాదగిరి నాకంటే రెండేళ్ళు పెద్ద. బస్సు డిపోలో మెకానిక్కు. నాటకం కోసం ఏడాది పొడుగునా జుట్టు పెంచేవాడు, మీసం తీసేసేవాడు. మా దగ్గర మీసం లేని మొగాడు కనబడితే ఇంట్లో చావు అనుకుంటారు. “ఎవరు పోయిండ్రురా యాదగిరీ?” అని నెలకొకరైనా అడిగేవాళ్ళు. “నీ తెలివి పోయిందన్నా, దినాలు చేస్తున్న” అనేవాడు వాడు. గ్రీసు చేతులతోనే జడముడి సర్దుకునేవాడు. తన అందం మీద వాడికి గొప్ప నమ్మకం. వాడు చీర కట్టి వేదిక మీదకు వస్తే మా నాయనమ్మ కూడా “ఏం నడుస్తది ముండ!” అని ముచ్చటపడేది. సాయంత్రాలు జంపఖానా మీద ఎదురెదురుగా కూర్చుని అభ్యాసం చేసేవాళ్ళం. అమ్మ శనగలు ఉడకబెట్టి, ఉప్పూ కారం వేసి గుడాలు పంపేది. నేను జవాబు మరిచిపోతే వాడు పెళ్ళాం గొంతుతోనే తిట్టేవాడు. “దారి ఎర్కలేని మొగడా, నిన్ను పట్నం తోలి నేనేడ ఏడ్వాలె?” బాపు గోడకు ఆనుకుని కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వేవాడు.

తర్వాత నాకు నది అవతల ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఫ్యాన్ కింద కుర్చీ, ఇస్త్రీ బట్టలు. ఆ ఆఫీసులో నా మాట తీరు విని నవ్వినవాళ్ళు ఉన్నారు కానీ, అది నాకు సాకు కాదు. ఒక ఏడు బోనాలకు మా ఆఫీసరునూ ఇంకో నలుగురినీ ఇంటికి భోజనానికి పిలిచాను. తిన్నాక గల్లీలో నడిపించుకుంటూ వస్తున్నాను. హాలు మెట్ల మీద యాదగిరి ఉన్నాడు, ప్యాంటు మీదనే చీర కుచ్చిళ్ళు దోపుకుని, జుట్టు విరబోసుకుని. నన్ను చూసి వాడి ముఖం వెలిగింది. ఎప్పటిలాగే గొంతు సన్నం చేసి, “ఓ మేస్త్రయ్యా! సద్ది మరిచి ఏడికి పోతున్నవయ్యా?” అని అరిచాడు.

ఆఫీసరు నవ్వాడు. మిగతావాళ్ళు నవ్వారు. “ఎవరండీ ఆ మనిషి? మిమ్మల్నేనా పిలిచేది?” అని ఒకరు అడిగారు.

“ఎవడో. తల సరిగ్గా ఉండదు వాడికి. గల్లీలో తిరుగుతుంటాడు” అన్నాను. మెట్లకూ మాకూ మధ్య పెద్ద దూరం లేదు. యాదగిరి విన్నాడు. చీర కొంగు భుజం మీద నుంచి తీసి, మెల్లగా చుట్ట చుట్టుకుని, లోపలికి పోయాడు.

అంతటితో ఆగితే ఈ కథ ఇంకోలా ఉండేదేమో. ఆ నవ్వు మళ్ళీ వినబడకూడదని నాకు పట్టుదల వచ్చింది. నాటకాల కాలం అయిపోయింది, ఈసారి వీడియో అద్దెకు తెచ్చి సినిమాలు వేద్దామని యువజనుల తరఫున నేనే సభలో పెట్టాను. మా హాల్లో చేతులెత్తే పద్ధతి లేదు. ఒప్పుకున్నవాళ్ళు కూర్చునే ఉండాలి, ఒప్పుకోనివాళ్ళు లేచి నిలబడాలి. ఒక్కరు నిలబడినా, వాళ్ళు చెప్పేది పూర్తిగా వినాలి. ఎవరూ వాళ్ళతో నిలబడకపోతే, మాట అయిపోయినట్టే. ఆ రోజు పెద్దమనిషి స్థానంలో బాపు కూర్చున్నాడు. ఆ స్థానంలో ఉన్నవాడు నిలబడకూడదు, అడగడమే అతని పని.

“నిలబడేటోళ్ళు నిలబడుండ్రి” అన్నాడు బాపు.

యాదగిరి ఒక్కడే లేచాడు. “నాకేం చెప్పరాదు. నర్సిమ్మ నాతోటి నిలబడితే చాలు” అన్నాడు. అంతే అన్నాడు. నా పేరు తీసి అడిగాడు. జంపఖానా మీద కూర్చున్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. పక్కనున్న దోస్తు మోచేత్తో పొడిచి, “ఏందిరా, పెండ్లాం పిలుస్తుంది” అన్నాడు గుసగుసగా. నేను కూడా కొంచెం నవ్వాను. జంపఖానా పోగు ఒకటి పైకి లేచి ఉంటే దాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను. బాపు ఇంకోసారి అడిగాడు. ఆయన అలా రెండోసారి అడగడం నేనెప్పుడూ చూడలేదు. ఆ తర్వాత కూడా చూడలేదు.

మరునాడు యాదగిరి జుట్టు కత్తిరించుకున్నాడని గల్లీ అంతా చెప్పుకున్నారు. హాల్లో మళ్ళీ అడుగు పెట్టలేదు. వీడియో చూడటానికి జనం బాగానే వచ్చారు. రెండు మూడేళ్ళకు ఇంటింటికీ టీవీలు వచ్చాయి, దానికీ రావడం మానేశారు. హాలు ఒక టెంటు సామాన్ల వాడికి గోదాముగా పోయింది. తర్వాత తాళం పడింది. తర్వాత కప్పులో ఒక మూల కూలింది. మనుషులు రాని కట్టడం కూలడానికి ఇంకో కారణం అక్కర్లేదు.  సభ మరునాటి నుంచే బాపు పొద్దున ఊడ్చేటప్పుడు పాడటం మానేశాడు. గోడ ఇవతల మాకు చీపురు చప్పుడు ఒక్కటే వినబడేది. ఆయన మంచాన పడిన వానకాలంలో ఒకసారి సన్నగా ఒక జవాబు ఎత్తుకుని, సగంలో ఆపి, నా వైపు చూశాడు, మిగతాది నేను అందుకోవాలని. “బాపూ, డాక్టరు మాట్లాడొద్దన్నడు” అని దుప్పటి సర్దాను. ఫోనులో ఆఫీసు మాట ఏదో నడుస్తోంది. ఆ సగం ఏదో కూడా నేను వినలేదు.

చివరికి నేనూ వస్తానని స్రవంతికి చెప్పాను. ఆమెతో ఉప్పుగూడకు బయలుదేరిన రోజు ఇస్త్రీ చొక్కా వేసుకోవాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. అదీ నా బతుకు. దారిలో ఆమెకు చెప్పాను, ఆ మేస్త్రయ్య నేనేనని. ఆటో చప్పుడులో సరిగ్గా వినబడలేదేమోననుకున్నాను. కానీ ఆమె విన్నది. “మరి ఎవ్వరు లేరన్నవ్ గద తాతా?” అని ఒక్కసారి అడిగి, బయటికి చూస్తూ కూర్చుంది.

యాదగిరి ఇంటి ముందర రేకుల పందిరి కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జుట్టుకు నల్లగా రంగు, ముఖానికి పౌడరు. స్రవంతితో వచ్చిన ఇద్దరు అమ్మాయిలు ఫోను నిలబెట్టడానికి స్టూలు వెతుకుతున్నారు. అతని భార్య చాయ్ తెచ్చింది. “పొద్దుగాల నుంచి అద్దం ఇడుస్తలేడు. వీడియో తీస్తరని పౌడరు డబ్బ ఖతం జేసిండు” అంది నాతో.

“నువ్వు ఊకో. నేను నీకంటే మంచిగున్ననని నీకు కుళ్ళు” అన్నాడు యాదగిరి. అప్పుడు నా వైపు తిరిగాడు. “రా మేస్త్రీ. గొడుగు తెచ్చుకోలేదా ఇయ్యాల?”

చూశాడన్నమాట. నేను చేతులు జోడించాను. ఏదో మొదలుపెట్టబోయాను, తప్పయిందనో, క్షమించమనో. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. “అవన్ని వద్దు. పిల్లలు పనికొచ్చిండ్రు. కూసో. ఎదురుంగ కూసో, పక్కకు గాదు.”

పాడాడు. గొంతు బొంగురుపోయింది కానీ, మొదటి మాటకే ఆ పాత సన్నదనం ఎక్కడి నుంచో వచ్చింది.

“ఏ బాట పోతవో మేస్త్రయ్యా, నువ్వు
ఏ బాయి నీళ్ళు తాగుతవో…”

ఆపి, నన్ను చూశాడు. అమ్మాయిలు నన్ను చూశారు. నాకు రాగం వచ్చింది. బాపు చీపురు చప్పుడు వచ్చింది. తడి గచ్చు వాసన వచ్చింది. మాటలు రాలేదు. నోరు తెరిచి, “ఆ…” అని ఆగిపోయాను. ఇంటి దగ్గర రెండు రోజులు కళ్ళు మూసుకుని వెతికాను. అప్పుడూ రాలేదు. ఎదురుగా వాడు అడిగితే వస్తాయేమోనని ఆశపడ్డాను.

“తాతా, నీ వంతు” అంది స్రవంతి మెల్లగా.

“ఆగు బిడ్డా. యాది జేసుకోనియ్యి” అన్నాడు యాదగిరి. నిజంగానే ఆగాడు. గేటు దగ్గర రైలు ఒకటి పోయింది. చాయ్ మీద తెట్టు కట్టింది. వాడి ముఖంలో మొదట కనిపించిన వేళాకోళం పోయి, భయంలాంటిది రావడం చూశాను. నా కోసం కాదు, పాట కోసం.

“ఒక్కటన్న లేదా, నర్సిమ్మా?”

“లేదన్నా.”

చిన్నప్పుడు కూడా వాణ్ణి అన్నా అని పిలవలేదు నేను. వాడు దాన్ని పట్టించుకోలేదు. “ఆ దినం నీ కాళ్ళు లెవ్వలేదు, సరే అనుకున్న. నేను గిన్నేండ్లు నాది కాపాడుకుంట కూసున్న, డిపోల బస్సుల కింద పండుకొని గూడ పాడుకున్న. నీది నీ దగ్గరుంటది, ఎన్నటికన్న తెస్తవనుకున్న. నా మాటలు అడుగుడే గదరా. జవాబు లేకుంటే నేను ఎవని అడుగుతున్నట్టు?”

మేస్త్రి మాటలు కూడా నువ్వు వింటూనే ఉన్నావు కదా, నీకు గుర్తుండవా అని స్రవంతి అతన్ని అడిగింది. యాదగిరి తల అడ్డంగా ఊపాడు. “అవి రాంగనే నేను చెవులు మూసుకునేదాన్ని బిడ్డా. మా నాయన గట్లనే నేర్పిండు. అవతలోని మాట నా నోట్ల పడొద్దని, నా తర్వాతి అడుగుడే మనసుల తిప్పుకునేదాన్ని. ఆ జవాబుకు ఎంతసేపు పడ్తదో గదొక్కటే ఎరుక.” నాటకం మాటలు వస్తే వాడు తనను తాను ఆడమనిషిగానే చెప్పుకుంటాడు, పూర్వంలాగే. ఎవరూ నవ్వలేదు.

తర్వాత వాడు మొత్తం పాడాడు. ఒక్కో ప్రశ్న పాడి, నేను జవాబు చెప్పడానికి పట్టేంతసేపు మోకాలి మీద చేత్తో తాళం వేసి, మళ్ళీ తర్వాతి ప్రశ్న ఎత్తుకున్నాడు. నేను ఎదురుగా కూర్చునే ఉన్నాను. లేచిపోనివ్వలేదు. పాడుతున్నంతసేపూ కళ్ళు నా మీదే ఉన్నాయి, ఏదో ఒక దగ్గరైనా పెదవి కదులుతుందేమోనని. సద్ది మూట దగ్గరికి వచ్చేసరికి వాడి పౌడరు చెమటకు కరిగిపోయింది. ఫోను ఆపమని సైగ చేసి, “నా సగం నేనిచ్చిన” అని లోపలికి పోయాడు. హాలు తెరిచే రోజు రమ్మని స్రవంతి బతిమాలింది. రానని లోపలి నుంచే అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆమెకు అంతా చెప్పాను. ఆఫీసరు, మెట్లు, సభ, బాపు దుప్పటి. చెబితే తేలికవుతుందంటారు, నాకు కాలేదు. గౌరవాధ్యక్షుడిగా నన్ను తీసెయ్యమన్నాను. “తీసేస్తే నీకు మంచిగనిపిస్తది తాతా. ఉండు. వచ్చినోళ్ళు అడిగితే ఇదే చెప్పు” అంది. ఆ కుర్చీ ఇంత గట్టిగా ఉంటుందని అప్పటి దాకా నాకు తెలియదు.

హాలు తెరిచారు. గానుగ సున్నపు గోడలు ఎండలో పాలగచ్చులా మెరుస్తున్నాయి. కప్పు నిలబడింది. వేదిక సరిగ్గా నేను చెప్పినంత ఎత్తే ఉంది. మా కాలంలో లేని లైట్లు, ఫ్యాన్లు, గోడల వెంట పుస్తకాల బీరువాలు, పైజామాల్లో డప్పు నేర్చుకునే ఆడపిల్లలు. ఒకప్పుడు ఆడవాళ్ళకు వేరే తలుపు ఉన్న హాలు ఇది. కొన్ని బాగుపడ్డాయి, ఆ మాట ఒప్పుకోవాలి. ముందు వరసలో నన్ను కూర్చోబెట్టారు. నలుగురు అమ్మాయిలు వేదిక మీద నిలబడి యాదగిరి ప్రశ్నలు పాడారు. ప్రతి ప్రశ్న తర్వాత, వాడు మోకాలి మీద వేసినంతసేపూ, ఒక అమ్మాయి డప్పు మీద తాళం వేసింది. జనానికి అది ఎంతో నచ్చింది. నా వెనక కూర్చున్న ఒకాయన, “మధ్యలో ఆ దరువు ఎంత బాగా పెట్టారో!” అని పక్కవాళ్ళతో అన్నాడు. రెండో ప్రశ్నకల్లా హాలంతా ఆ దరువుతో కలిసి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. పిల్లలు, ముసలివాళ్ళు, ఆటోవాళ్ళు, అందరూ. నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ఏ బాయి నీళ్ళు తాగుతవో అని అమ్మాయిలు అడిగారు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు ఉన్న చోట ఒక బావి పేరు ఉండాలి.